ఇంటి లెక్క – ఒంటి ఆరోగ్యము

సూరత్ నగరమునకు నైరుతి దిశగా ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున, అరేబియా సముద్రపు ఒడ్డున డుమస్ అను గ్రామమున్నది. అక్కడి ఇసుక నల్లనిది. తీరమునకు దాపున దరియా గణేశుని ఆలయము కలదు. ఆదివారము సాయంకాలము నగరములోని శ్రమజీవులు భార్యాబిడ్డలతో బస్సులెక్కి అక్కడికి వచ్చెదరు. పిల్లలు నీటి అంచున ఆడుకొందురు. పెద్దలు టొమాటో బజ్జీలు కొని పంచుకొని తిందురు. చీకటి పడువేళకు అందరును ఇండ్లకు మరలుదురు. వారమంతయు మరమగ్గముల మోత విన్న చెవులకు అలల చప్పుడే విశ్రాంతి.

ఆ గుంపులో తెలుగు మాటలు కూడ వినిపించును. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతముల నుండి అనేక పద్మశాలి కుటుంబములు బ్రతుకుతెరువు కొరకు షోలాపూర్, భీవండీ, సూరత్ నగరములకు వలసపోయి, అక్కడి మగ్గముల పనిలో స్థిరపడినవి. సూరత్ లోని లింబాయత్ మొదలగు పేటలలో తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించుచున్నారు. వారి బిడ్డల కొరకు ఆ నగరమున తెలుగు మాధ్యమపు పురపాలక పాఠశాలలు కూడ ఉన్నవి. ఈ వ్యాసము ముఖ్యముగా అట్టి కుటుంబములను దృష్టియందుంచుకొని వ్రాయబడినది. అయినను కూలిపై ఆధారపడి జీవించు ప్రతి కుటుంబమునకును ఇందలి విషయములు వర్తించును.

చేతిలోని సొమ్ము చాలనప్పుడు ఇంటి యజమాని నోట తరచుగా వెలువడు మొదటి మాట, “ఈ నెల డుమస్ మానుకొందము” అనునది. ఖర్చు తగ్గించవలెనను కోరిక మంచిదే. కాని కుటుంబములను అప్పులలోనికి దింపునది నెలకొకసారి చేయు ఆ చిన్న విహారము కాదు. లెక్కకు రాని ఖాళీ నెలలు, ముందు చూపులేని జబ్బు ఖర్చు, దానికై తెచ్చిన అప్పు మీది వడ్డీ, రోజూ తెలియకుండ జారిపోవు చిల్లర – ఈ నాలుగును కలిసి ఇంటిని కూల్చును. వీనిని అరికట్టు మార్గమును ఇచ్చట వివరింతుము.

మంచి నెల ఆదాయము నిజమైన ఆదాయము కాదు

మరమగ్గముల పనివారిలో అనేకులకు నేసిన బట్ట కొలతను బట్టి కూలి ముట్టును. చాలచోట్ల ఈ పగారు పక్షమునకొకసారి చేతికందును. మగ్గము ఆడిన దినములకే కూలి. ఆగిన దినములకు లేదు. దీపావళికి కార్ఖానాలు కొన్ని వారములు మూతబడును. వేసవిలో పెండ్లిండ్లకు, జాతరలకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో వరంగల్ వైపు స్వగ్రామమునకు పోయి రావలసియుండును. ఆ దినములలో ఖర్చు పెరుగును, ఆదాయము నిలిచిపోవును.

ఒక కుటుంబమును ఉదాహరణగా తీసికొందము. ఇందలి అంకెలు బోధ కొరకు ఊహించినవి. ఎవరి అంకెలను వారు వేసికొనవలెను. భర్త పూర్తిగా పని జరిగిన నెలలో 18,000 రూపాయలు సంపాదించును. భార్య ఇంటియొద్దనే చీరెలకు పూసలు, రాళ్ళు అంటించి 3,000 రూపాయలు తెచ్చును. ఇద్దరు పిల్లలు చదువుకొనుచున్నారు. ఆ ఇంటి నెల ఆదాయమెంతయని అడిగినచో 21,000 అని భర్త చెప్పును. కాని సంవత్సరములో పూర్తి పని జరుగునది 10 నెలలు మాత్రమే. పదినెలల ఆదాయము 2,10,000. దానిని 12 నెలలకు పంచినచో నెలకు 17,500 వచ్చును. అదియే ఆ కుటుంబపు నిజమైన ఆదాయము.

21,000 అని తలచి ఖర్చు చేయు కుటుంబము ఖాళీ నెలలలో అప్పు చేయక తప్పదు. 17,500 అని ఎరిగి నడచుకొను కుటుంబము, పని జరిగిన ప్రతినెలయు 3,500 రూపాయలు వేరుగా తీసి ఉంచును. పది నెలలలో అది 35,000 అగును. రెండు ఖాళీ నెలల వ్యయమునకు అది సరిగ్గా సరిపోవును. ఇది పొదుపు కాదు. రాబోవు నెలల కూలిని ముందుగా దాచుటయే. దీనిని తాకరాదు.

వ్యయముల పట్టిక

నిజమైన ఆదాయము తెలిసిన పిదప దానిని పద్దుల వారీగా పంచుకొనవలెను. పై కుటుంబము ఇట్లు పంచుకొనవచ్చును:

ఇంటి అద్దె, విద్యుత్తు: 4,500
ఆహారము, వంటచెరకు: 6,500
పిల్లల చదువు: 1,000
రాకపోకలు, ఫోను: 900
ఆరోగ్య నిధి: 1,000
స్వగ్రామమందలి తల్లిదండ్రులకు: 1,500
బట్టలు, పండుగలు, ఊరి ప్రయాణము: 1,200
డుమస్ విహారము మొదలగు వినోదములు: 400
పొదుపు: 500
మొత్తము: 17,500

ఈ పట్టికలో రెండు విశేషములు గమనింపదగినవి. మొదటిది, ఆహారమునకు పెద్దభాగము పోవుట. కుటుంబము పేదదైనకొలది ఆదాయములో తిండికి పోవు పాలు హెచ్చుగా నుండునని ఎర్నెస్ట్ ఎంగెల్ అను జర్మను గణాంకవేత్త 1857లోనే నిరూపించెను. అందుచేత సొమ్ము చాలనప్పుడు చూపు ముందుగా వంటింటి మీదనే పడును. మన ఇండ్లలో అది తరచుగా తల్లి విస్తరి మీద పడుచున్నది. అందరు తినిన తరువాత మిగిలినది ఆమె తినును. పప్పు, పాలు, కూర తగ్గినచో తగ్గునది ఆమె వంతే. ఇది పొదుపు కాదు. రక్తహీనతతో నీరసించిన తల్లి చేయలేని పనియు, ఆమె వైద్యమునకు అగు ఖర్చును రేపటి లెక్కలో తప్పక కనిపించును. ఖర్చు తగ్గించవలసినచో వస్తువులను మార్చుకొనుడు, పోషణను తగ్గింపకుడు. పప్పులు, శనగలు, వేరుశనగలు, ఋతువులో దొరకు ఆకుకూరలు తక్కువ ధరకు ఎక్కువ బలము నిచ్చును. పొట్లములలో అమ్ము చిరుతిండ్ల కంటె ఇవి మేలు.

రెండవ విశేషము ఆరోగ్య నిధి. అనేక కుటుంబముల లెక్కలో ఈ పద్దే ఉండదు. “జబ్బు వచ్చినప్పుడు చూతము” అందురు. జబ్బు వచ్చిన తరువాత చూచుటకు మిగులునది అప్పు ఒక్కటియే.

జబ్బు తెచ్చు రెండు నష్టములు

నెలజీతపు ఉద్యోగి జబ్బుపడినచో సెలవు పెట్టును. జీతము సాధారణముగా ఆగదు. రోజుకూలివాడు జబ్బుపడినచో రెండు నష్టములు ఒక్కసారి కలుగును: మందుల ఖర్చు ఒకటి, పోయిన కూలి మరియొకటి. మొదటిది అందరును లెక్కింతురు, రెండవదానిని మరతురు.

పై కుటుంబములో భర్తకు జ్వరము వచ్చి 10 పనిదినములు పోయినవనుకొందము. నెలకు 25 పనిదినముల చొప్పున అతని దినకూలి 720 రూపాయలు. పదిదినములకు 7,200 పోయినవి. పరీక్షలకు, మందులకు 3,000 అయినవనుకొన్నచో మొత్తము నష్టము 10,200. ఇందులో మూడింట రెండువంతులకు పైగా పోయిన కూలియే. నెలకు 1,000 చొప్పున ఆరోగ్య నిధిలో దాచిన కుటుంబమునకు ఏడాది చివర 12,000 ఉండును. ఆ జబ్బును అది భరింపగలదు.

నిధి లేని కుటుంబము అప్పు చేయును. నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి 10,200 తెచ్చినచో, నెలనెలకు 510 రూపాయలు వడ్డీయే కట్టవలెను. సంవత్సరము కట్టినను 6,120 పోవును. అసలు ఒక్క రూపాయి కూడ తగ్గదు. “నూటికి అయిదు” అని వినుటకు స్వల్పముగా తోచును. దానిని ఎల్లప్పుడును పన్నెండుతో హెచ్చించి చూడవలెను. అది సంవత్సరమునకు నూటికి 60 అగును. పది దినముల జ్వరము పోయినను, దాని వడ్డీ ఇంట పడుకొనియుండును.

ఇక నగరమంతటికి వచ్చు ఆపదలు కలవు. 1994 సెప్టెంబరులో సూరత్ లో ప్లేగు వ్యాపించినప్పుడు లక్షలాది జనులు నగరమును విడిచిపోయిరి. 2006 ఆగస్టులో తాపీనది వరదలు నగరమును ముంచెత్తినవి. 2020 మార్చిలో కోవిడ్ కారణముగా దేశమంతటను కార్ఖానాలు మూతబడినవి. ఇట్టి సమయములలో మగ్గము ఎప్పుడు తిరిగి ఆడునో ఎవరును చెప్పలేరు. అందుచేత కనీసము ఒక నెల ఖర్చుకు సరిపడు సొమ్ము చేతికందు చోట నుండుట ప్రతి వలస కుటుంబమునకును ఆవశ్యకము.

దినదినము జారిపోవు సొమ్ము

“నెలకు 1,000 ఎక్కడనుండి తెత్తుము?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. వారు ఒక్క వారము తమ చిల్లర ఖర్చులను వ్రాసి చూచుకొనవలెను. బీడీ, ఖైనీ, మావా వంటి వానికి దినమునకు 30 రూపాయలు పోవుచున్నచో నెలకు 900, సంవత్సరమునకు 10,950 రూపాయలు పోవుచున్నవి. ఇది ఇంచుమించు ఆరోగ్య నిధికి సమానము. నెలకొకసారి కుటుంబమంతయు డుమస్ వెళ్ళి వచ్చుటకు 400 చొప్పున సంవత్సరమునకు 4,800 మాత్రమే. నలుగురి సంతోషమునకగు వ్యయము కంటె ఒక్కరి నోటిలో నలుగు పొగాకుకగు వ్యయము రెండింతలకు మించియున్నది.

అంతేకాదు. పొగాకు నమలుట నోటి క్యాన్సరునకు ముఖ్యకారణములలో ఒకటి. దారపు నూగు గాలిలో పనిచేయువాని ఊపిరితిత్తులకు బీడీపొగ మరింత కీడు. అనగా జబ్బును తెచ్చుకొనుటకు రోజూ సొమ్ము చెల్లించి, ఆ జబ్బు నయమగుటకు మరల సొమ్ము చెల్లించుచున్నాము. ఇంటి లెక్కలో తగ్గింపదగిన పద్దు ఏదియని వెదకువారు ముందుగా దీనినే తగ్గింపవలెను. మద్యమునకు కూడ ఇదే మాట వర్తించును.

లభించు సహాయమును ఎరుగుడు

హక్కుగా లభించుదానిని వదలి సొంత సొమ్ము ఖర్చు పెట్టుట కూడ దుర్వ్యయమే. ఈ క్రింది సౌకర్యములను తెలిసికొనియుండుట మేలు.

2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరి పొందు చికిత్స ఉచితము. గుజరాత్ రాష్ట్రము 2023 జూలైలో ఈ పరిమితిని 10 లక్షలకు పెంచినది. 70 ఏండ్లు నిండిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ 2024 అక్టోబరు నుండి ఈ పథకము వర్తించుచున్నది. అయితే ఇది ముఖ్యముగా ఆసుపత్రిలో చేరిన రోగుల కొరకు. సాధారణ జ్వరమునకు డాక్టరు వద్దకు పోవు ఖర్చును, పోయిన కూలిని ఇది తీర్చదు. కార్డు ఉన్నను ఆరోగ్య నిధి కావలయుననుటకు కారణమిదే.

1948 నాటి చట్టముతో ఏర్పడిన కార్మిక బీమా, అనగా ఇ.ఎస్.ఐ., పోయిన కూలిని కొంతవరకు తీర్చును. ఇందులో 2019 జూలై నుండి కార్మికుని చందా కూలిలో నూటికి ముప్పాతిక రూపాయి. యజమాని చందా నూటికి 3 రూపాయల 25 పైసలు. 18,000 సంపాదించువాడు చెల్లించునది 135 రూపాయలు మాత్రమే. నియమిత దినములు చందా కట్టినవానికి జబ్బు కాలములో కూలిలో నూటికి 70 పాళ్ళు, సంవత్సరమునకు 91 దినముల వరకు లభించును. మీ కార్ఖానాలో మీ పేరు నమోదైనదో లేదో అడిగి తెలిసికొనుడు.

క్షయవ్యాధికి ప్రభుత్వ ఆసుపత్రులలో చికిత్స ఉచితము. ఆ రోగి పోషణకై నెలకు ఇచ్చు 500 రూపాయలు 2024 నవంబరు నుండి 1,000 రూపాయలైనవి. పక్షము రోజులకు పైబడి దగ్గు నిలిచినచో వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. కూలి పోవునని జాగు చేసినచో రోగము ముదురును, ఇంటివారికి అంటును. నెలల కూలి పోవును.

జన ఔషధి దుకాణములలో పేరుమోసిన కంపెనీల మందులకు బదులు అదే గుణము గల మందులు సగము ధరకును, అంతకంటె తక్కువకును లభించును. రక్తపుపోటుకు, మధుమేహమునకు నిత్యము మందు వాడువారికి ఇది గొప్ప ఆదా. ఏ మందు ఏ పేరున వాడవలెనో డాక్టరును అడుగుడు. తగ్గినదని తోచి మీయంతట మీరు మందు మానకుడు.

స్వగ్రామపు రేషను కార్డుపై మరియొక రాష్ట్రములో కూడ ధాన్యము తీసికొను ఏర్పాటు దేశమంతట జరిగినది. ఊరిలో వృద్ధులు వారి వంతు తీసికొనవచ్చును. సూరత్ లోనివారు తమ వంతు ఇక్కడనే పొందవచ్చును.

సొమ్ము ఎక్కడ దాచవలెను?

ఇంటిలో దాచిన సొమ్ము ఖర్చగును. పరిచయస్తుని చేత దాచిన సొమ్ము తిరిగి రాకపోవచ్చును. బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్టుకు 2020 ఫిబ్రవరి నుండి 5 లక్షల రూపాయల వరకు బీమా రక్షణ కలదు. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయల నుండి రికరింగు డిపాజిట్టు కట్టవచ్చును. ఆరోగ్య నిధిని మాత్రము ఎప్పుడైనను తీయదగిన పొదుపు ఖాతాలోనే ఉంచవలెను. జబ్బు గడువు చూచి రాదు. ఖాతా భార్యాభర్తలిద్దరి పేరనుండుట మంచిది. భర్త ఆసుపత్రిలో నున్నప్పుడు సొమ్ము తీయగలిగినవారు ఇంటిలో నొకరుండవలెను గదా.

చీటీలు మన తెలుగువారికి చిరపరిచితములు. అవి అవసరమునకు పనికివచ్చుట నిజమే. కాని 1982 చీటీల చట్టము ప్రకారము నమోదైన చీటీలలోనే చేరవలెను. మన ఊరివాడు, మన కులమువాడు అను నమ్మకము రశీదుకు బదులు కానేరదు. హెచ్చు వడ్డీ ఆశ చూపువాని వద్ద ఆరోగ్య నిధిని ఎన్నడును ఉంచరాదు.

ఇక కుటుంబమును పోషించువానికి అనుకోని మరణము సంభవించినచో ఉపయోగపడు రెండు బీమాలు బ్యాంకు ద్వారా లభించును. జీవనజ్యోతి బీమాకు సంవత్సరమునకు 436 రూపాయలు, ప్రమాద మరణమునకు వర్తించు సురక్షా బీమాకు 20 రూపాయలు. ఒక్కొక్కటి 2 లక్షల రూపాయల రక్షణ నిచ్చును. రెండింటికిని కలిపి సంవత్సరమునకు 456 రూపాయలే.

లెక్క వ్రాయు విధము

దీనికి గొప్ప విద్య అక్కరలేదు. పిల్లల పాత నోటుపుస్తకము చాలును. పగారు చేతికందిన దినముననే భార్యాభర్తలు కలిసి కూర్చుండి, మొదట ఖాళీ నెలల వంతును, ఆరోగ్య నిధిని, పొదుపును తీసి ఖాతాలో వేయవలెను. మిగిలినది ఖర్చు చేయవలెను. ఖర్చు చేసి మిగిలినది దాచుదమనుకొన్నచో ఏమియు మిగలదు. పిమ్మట రోజూ రాత్రి ఆనాటి ఖర్చులు రెండు మూడు పంక్తులలో వ్రాయవలెను. కిరాణా దుకాణములో అరువు పద్దు ఉన్నచో ఆ లెక్కను మీ పుస్తకములో కూడ వ్రాసికొనుడు. ఫోను ద్వారా చెల్లించిన సొమ్ము కంటికి కానరాదు. దానిని కూడ మరువరాదు. బడికి పోవు బిడ్డ ఉన్నచో కూడికలు అతనిచేత వేయించుడు. ఇంటి స్థితి ఎరిగిన పిల్లలు అనవసరముగా మారాము చేయరు.

మొదటి నెల లెక్క కుదరదు, అధైర్యపడరాదు. మూడు నెలలు వ్రాసినచో సొమ్ము ఎక్కడ కారిపోవుచున్నదో దానంతట అదే తెలియును. ఇప్పటికే అప్పున్నవారు హెచ్చు వడ్డీ గల అప్పును ముందుగా తీర్చవలెను. అట్లు తీర్చుచున్నప్పుడు కూడ ఆరోగ్య నిధికి కొంచెమైనను వేయుట మానరాదు. లేనిచో మరుసటి జబ్బు మరల అదే వడ్డీవ్యాపారి గుమ్మమునకు చేర్చును.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిరి. మగ్గము ఆడుచున్నప్పుడే, ఒళ్ళు బాగుండగానే ఈ యేర్పాటు చేసికొనవలెను. ఇంటి లెక్క ఉన్నది సంతోషమును తగ్గించుటకు కాదు. నలుగురును కలిసి నడచుట, గాలి పీల్చుట, మాటలాడుకొనుట కూడ ఆరోగ్యమునకు అవసరములే. అందుచేతనే పై పట్టికలో దానికొక పద్దు కేటాయింపబడినది. ఆరోగ్య నిధి ఖాతాలో నున్నది, ఖాళీ నెలల వంతు వేరుగా నున్నది, ఎవరికిని వడ్డీ బాకీ లేదు – అట్టి కుటుంబము ఆదివారమునాడు డుమస్ తీరమున నిశ్చింతగా బజ్జీలు తినవచ్చును. ఆ 400 రూపాయలు వారికి దండుగ కావు. వారు లెక్క వ్రాసి సంపాదించుకొన్నవి.